పోపుల పెట్టెను ఒంటికి మేలు చేసేలా వాడుకోవడం ఎలా

మీ పోపుల పెట్టె ఒకసారి తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. మూత తీసి, ఒక్కో గిన్నెలోంచి చిటికెడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి వాసన చూడండి. జీలకర్ర నలిపితే వాసన ముక్కుకు కొట్టాలి, ధనియాలు నలిపితే కాస్త నారింజ తొక్క గుర్తుకు రావాలి, మిరియం కొరికితే నాలుక చురుక్కుమనాలి. ఇవేవీ జరగలేదంటే అవి ఎన్ని చెంచాలు వేసినా కూరకు రుచి రాదు, ఒంటికి ఒరిగేదీ ఉండదు. దినుసుల్లో పనిచేసే పదార్థాలు చాలావరకు ఆ వాసన ఇచ్చే నూనెలూ ఆ ఘాటూనే, అవి పోయాక మిగిలేది పొట్టు.

నేను వీటి గురించి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది 2020లో. కరోనా రోజుల్లో ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి వేసిన కషాయం రోజుకు ఒకటి రెండుసార్లు తాగమని చెప్పింది కదా, మా మేనత్త భయంతో దాన్ని పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అయిదారు గ్లాసులు తాగేది. రెండు వారాలకు కడుపులో మంట, నోట్లో పూత, అన్నం ముద్ద దిగేది కాదు. డాక్టరు గారు ముందు ఆ కషాయం ఆపించారు, నాలుగు రోజుల్లో మామూలు మనిషి అయింది. అదే మేనత్త చేసే మిరియాల చారు మేమందరం ఏళ్ల తరబడి తాగాం, ఎవరికీ ఏమీ కాలేదు. దినుసులు తిండిలో భాగంగా, కొద్దికొద్దిగా, సరిగ్గా వండినప్పుడు చేసే మేలు వేరు. వాటిని మందులా గుప్పెళ్లతో మింగడం వేరు. ఇక్కడ చెప్పేదంతా మొదటి దాని గురించే.

మొదటి పని: కొనేటప్పుడు

వీలైనంతవరకు గింజలుగా, కొమ్ములుగా కొనండి, పొడులుగా వద్దు. దీనికి రెండు కారణాలు. పొడి కొట్టగానే వాసన నూనెలు గాలికి పోవడం మొదలవుతుంది. పైగా కల్తీ చేయాలనుకునేవాడికి పొడి అంత సులువైంది ఇంకోటి లేదు.

పసుపు సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది రోజూ ప్రతి కూరలోనూ పడుతుంది, పసిపిల్లలు కూడా తింటారు. మాది తెనాలి వైపు, దుగ్గిరాల పసుపు యార్డు దగ్గరే, అందుకని చిన్నప్పటి నుంచి కొమ్ములు కొని మరలో పట్టించుకోవడమే అలవాటు. తెలంగాణలో ఉన్నవాళ్లకు నిజామాబాద్ ఉండనే ఉంది, జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది కూడా అక్కడే. కొమ్ము విరిస్తే టక్కున విరగాలి, వంగి సాగకూడదు, లోపల ముదురు నారింజ రంగు ఉండాలి. పైన మరీ నున్నగా, మెరిసిపోతూ, చేతికి పసుపు రంగు అంటుకునే కొమ్ములు వద్దు. బంగ్లాదేశ్‌లో కొమ్ములకు రంగు రావడానికి లెడ్ క్రోమేట్ అనే, సీసం ఉన్న రసాయనం పూస్తున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టాక అక్కడి ప్రభుత్వం దాడులు చేసి దాన్ని ఆపించాల్సి వచ్చింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఎంత కొద్దిగా ఒంట్లోకి వెళ్లినా మంచిది కాదు. ఆరోగ్యం కోసమని వేసే పసుపులోంచి అది రావడం కన్నా అన్యాయం ఏముంటుంది? కాబట్టి కొమ్ములు కొని, కడిగి, బాగా ఎండబెట్టి, మీ కళ్ల ముందు మర పట్టించుకోండి. అది కుదరని ఊళ్లో ఉంటే నమ్మకమైన ప్యాకెట్ తీసుకోండి, విడిగా గుట్టపోసి అమ్మే పొడి మాత్రం వద్దు.

ఎండుమిర్చి కొనేటప్పుడు కాయ చెవి దగ్గర ఊపి చూడండి, లోపల గింజలు గలగలమనాలి. మెత్తగా, తేమగా ఉన్న కాయలు, తెల్ల మచ్చలు పడి రంగు పోయిన తాలు కాయలు ధర తక్కువని తెచ్చుకోకండి. సరిగ్గా ఎండని మిర్చికి బూజు పడుతుంది, ఆ బూజులో కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది కాలేయానికి చేటు, మనం వంటలో పెట్టే వేడికి పోయేది కూడా కాదు. ఏడాది కారం ఒకేసారి కొట్టించుకునే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. నాలుగు పాడైన కాయలు కలిసినా ఏడాదంతా తినేది ఆ కారమే కదా.

ఇంగువ చాలావరకు బయటి దేశాల నుంచి వస్తుంది, ఇరాన్, అఫ్గానిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి. ఆ మొక్క వేరు దగ్గర కోస్తే కారే పాలు గట్టిపడి ఇంగువ అవుతుంది. మన దేశంలో సాగు చేయాలని 2020 అక్టోబరులో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటారు. మనం డబ్బాల్లో కొనే ఇంగువ పొడిలో మైదాపిండో బియ్యప్పిండో, జిగురో కలిపి ఉంటాయి, అది కల్తీ కాదు, ఆ పొడి తయారీయే అంత, డబ్బా మీద రాసే ఉంటుంది. గోధుమ పడనివాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఆ చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి.

రెండో పని: ఇంట్లోనే నాలుగు పరీక్షలు

ఇవన్నీ గ్లాసుడు నీళ్లతో, పది నిమిషాల్లో అయిపోతాయి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా జనానికి చెప్పే పరీక్షలే.

మిరియాలు గుప్పెడు నీళ్లలో వేయండి. మంచి మిరియాలు మునుగుతాయి. బొప్పాయి గింజలు కలిపి ఉంటే అవి తేలతాయి. లవంగాలు కూడా అంతే, నూనె తీసేసిన లవంగాలు తేలిపోతాయి, అవి కొరికినా నోట్లో మంట రాదు. కారం పొడి గ్లాసు నీళ్ల మీద చల్లితే రంగు చారలు చారలుగా కిందికి దిగిందంటే రంగు కలిపినట్టే. అడుగున చేరినదాన్ని వేళ్లతో రుద్దితే గరగరలాడితే ఇటుక పొడో ఇసుకో. ఒక చెంచా పసుపు గ్లాసు నీళ్లలో వేసి కదపకుండా ఉంచితే పొడి అడుగుకు చేరాలి, నీళ్లు లేత పసుపుగా ఉండాలి, నీళ్లంతా చిక్కటి పసుపుగా మారితే అనుమానించాలి. ఈ పరీక్షలో సీసం తేలదు, అందుకే కొమ్ముల గురించి అంత చెప్పాను.

ఆవాలు ఒక పళ్లెంలో పోసి వేలితో నెరపండి. ఆవగింజ నున్నగా ఉంటుంది, చిదిమితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ, అంటే ఆర్జిమోన్, నల్లగా గరుకుగా ఉంటుంది, చిదిమితే లోపల తెలుపు. ఈ గింజల నూనె ఆవనూనెలో కలవడం వల్లే 1998లో ఢిల్లీలో కాళ్ల వాపులతో, గుండె ఇబ్బందితో అరవై మందికి పైగా చనిపోయారు. మనం ఆవనూనె వాడం నిజమే, ఆవకాయకు మాత్రం ఆవాలు కిలోల లెక్కన పొడి కొడతాం.

మూడో పని: దాచుకోవడం

పోపుల పెట్టె పొయ్యి పక్కనే ఉంటే చేతికి అందుతుంది, కానీ వేడీ ఆవిరీ తగిలి లోపలివి త్వరగా చచ్చిపోతాయి. పెట్టెలో వారానికి సరిపడా పోసుకోండి, మిగతాది గాజు సీసాల్లో, వెలుతురు తగలని అలమారలో. పసుపులోని కర్క్యుమిన్ వెలుతురుకు పాడవుతుంది, కిటికీ దగ్గర గాజు సీసాలో అందంగా పెట్టిన పసుపు కొన్నాళ్లకు తెల్లబోయేది అందుకే. ఉడుకుతున్న గిన్నె మీద డబ్బా పట్టుకుని వంచకండి, ఆవిరి లోపలికి పోయి ఉండలు కడుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. ధనియాలు, జీలకర్ర పొడి పదిహేను రోజులకు సరిపడా మాత్రమే దంచుకోండి, దోరగా వేయించి, చల్లారాకే. గింజలు ఏడాది దాకా బాగానే ఉంటాయి.

నాలుగో పని: పోపు పెట్టడం

గుంటూరు వైపు తాలింపు అంటాం, కొందరు పోపంటారు, రాయలసీమలో తిరగమాత అంటారు. పేరేదైనా అందరం చేసే తప్పు ఒకటే, హడావుడిలో అన్నీ ఒకేసారి గుమ్మరించి, జీలకర్ర మాడి మినప్పప్పు పచ్చిగా ఉన్నప్పుడే దించేయడం. మాడిన జీలకర్రలో చేదు తప్ప ఏం ఉండదు.

నూనె వేడెక్కిందో లేదో ఒక్క ఆవగింజ వేసి చూడండి. వెంటనే చుట్టూ బుడగలు వచ్చి తేలితే చాలు. పొగ వచ్చేదాకా ఉంచొద్దు, ఉంచితే పొయ్యి ఆపి, చల్లారాక ఆ నూనె పారబోయండి, అయ్యో అనిపించినా సరే. ముందు శనగపప్పు, మినప్పప్పు. అవి రంగు మారడం మొదలయ్యాక ఆవాలు, అవి చిటపటలాడాక మంట తగ్గించి జీలకర్ర. తర్వాత ఎండుమిర్చి తుంపి వేయాలి. పొయ్యి ఆపేసి ఆ వేడిలో ఇంగువ, కరివేపాకు, చివరగా పసుపు. పసుపుకు పది సెకన్ల వేడి చాలు.

నూనెలో వేయడం మన పెద్దవాళ్లు రుచి కోసం కనిపెట్టిన పద్ధతే అయ్యుండొచ్చు, కానీ దాంట్లో ఇంకో లాభం ఉంది. కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. మిరియాల్లోని పైపరిన్, మిర్చిలోని క్యాప్సైసిన్ కూడా అంతే. కారం తిన్నాక నీళ్లు తాగితే మంట తగ్గనిది అందుకే, మజ్జిగ తాగితే తగ్గేది మాత్రం ఎక్కువగా అందులోని పాల ప్రొటీన్ వల్ల. అందుకని పొద్దున్నే వేడినీళ్లలో పసుపు కలుపుకుని తాగేవాళ్లకు నేను చెప్పేది, అదే పసుపు చెంచాడు నెయ్యిలో వేసి పప్పులో కలుపుకోండి, కడుపు కూడా నిండుతుంది. నూనె ఎక్కువ పోయమని మాత్రం అర్థం కాదు, నలుగురి కూరకు పోపు నూనె రెండు టీస్పూన్లు సరిపోతుంది.

అయిదో పని: ఒక్కో దినుసుకు దాని మర్యాద

పసుపు, మిరియాలు జత. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు మనుషులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో కనిపించీ కనిపించనట్టు ఉంది, దాంతోపాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే ఒంటికి పట్టింది ఇరవై రెట్లు పెరిగింది. ఈ మాట ఇప్పుడు అందరూ చెబుతారు, లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. పసుపులో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు వంతులు. నలుగురి కూరలో అర టీస్పూను, అంటే గ్రామున్నర పసుపు వేస్తే మనిషికి వచ్చేది పది, పన్నెండు మిల్లీగ్రాములు. వాళ్లు ఇచ్చింది 2000 మిల్లీగ్రాములు. కాబట్టి కూరలో పసుపు వేస్తున్నాం కదా అని కీళ్లనొప్పుల మందు మానేయకండి. అలాగని మాత్రలకు పరుగెత్తకండి, పసుపు మాత్రలు వేసుకున్న కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యులు నమోదు చేశారు. కూరలో ఏళ్ల తరబడి పడే చిటికెడు చాలు, దాని మీద మిరియాల పొడి చల్లుకునే అలవాటు చేసుకోండి, ముఖ్యంగా పప్పులో, గుడ్డు కూరలో.

వెల్లుల్లికి ఒక చిన్న చిట్కా ఉంది, ఇది తెలిశాక నా వంట వరుసే మారిపోయింది. వెల్లుల్లిలో మేలు చేసే అలిసిన్ రెబ్బలో ముందే ఉండదు, దంచినప్పుడు లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అప్పుడు పుడుతుంది. దంచిన వెంటనే వేడి నూనెలో వేస్తే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని వంటింట్లోకి వెళ్లగానే ముందు వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి పక్కన పెట్టండి, తర్వాత కూరగాయలు కోసుకోండి, ఆ పది నిమిషాలు దానికి చాలు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) శాస్త్రవేత్తలు 2010లో ఇంకో సంగతి చెప్పారు. ధాన్యాలు, పప్పులతో వెల్లుల్లి, ఉల్లి కలిస్తే వాటిలోని ఐరన్, జింక్ అరుగుదలలో ఎక్కువగా విడుదలవుతాయని ప్రయోగశాలలో తేలింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. పప్పులో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, దించాక నిమ్మరసం, ఈ రెండిటికీ అయ్యే ఖర్చు ఎంతని? రక్తం తక్కువున్నవాళ్లు డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్ర మానకుండా, ఇది కూడా చేయండి.

మెంతుల విషయంలో మన హైదరాబాద్ పేరు చెప్పుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అంటారు, మెంతులకూ చక్కెర జబ్బుకూ ఉన్న సంబంధం మీద 1980ల నుంచి ఏళ్ల తరబడి పనిచేసింది. మెంతుల్లో నీళ్లు తగలగానే జిగురుగా ఉబ్బే పీచు ఉంటుంది, అది కడుపులో అన్నంతో కలిసి చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కకుండా నిదానింపజేస్తుంది. కానీ ఆ ప్రయోగాల్లో వాడింది రోజుకు 25 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా. పోపులో వేసే పావు చెంచా ఒక గ్రాము ఉంటుందంతే. అందుకని మెంతులను పోపు దినుసుగా కాకుండా తిండి వస్తువుగా వాడాలి. రాత్రి ఒక టీస్పూను మెంతులు నానబెట్టి పొద్దున మజ్జిగలో వేసుకుని నమిలి తినండి, దోసెల పిండికి కిలో బియ్యానికి రెండు చెంచాలు వేసి నానబెట్టండి, మెంతి పొడి దోరగా వేయించి కొట్టి పులుసుల్లో వేయండి. మరీ ఎర్రగా వేయిస్తే చేదు ఎవరూ తినలేరు. చక్కెర మందులు వాడేవాళ్లు మెంతులు పెంచేటప్పుడు డాక్టరుకు చెప్పి, చక్కెర చూసుకుంటూ పెంచండి, మందూ మెంతులూ కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు.

ఆవాల మీద నాకు మొదటి నుంచీ ఇష్టం. పోపులో వేసిన ఆవాలు ఎందుకు ఘాటుగా ఉండవు, ఆవపెట్టిన కూర ఎందుకు ముక్కులోకి కొడుతుంది, ఎప్పుడైనా ఆలోచించారా? ఆవగింజలో ఘాటు నిద్రపోతూ ఉంటుంది. గింజ నలిగి చల్లటి నీళ్లు తగిలినప్పుడు లోపలి ఎంజైమ్ దాన్ని నిద్రలేపుతుంది. వేడి నూనెలో ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, అందుకే పోపులో కమ్మటి వాసన మాత్రమే మిగులుతుంది. ఆ ఘాటు పదార్థాలు క్యాబేజీ, ముల్లంగిలో ఉండే మంచి పదార్థాల కుటుంబానివే. ఉడికించిన బ్రకోలీ మీద ఆవపొడి చల్లి పెడితే అందులోని సల్ఫోరఫేన్ అనే మంచి పదార్థం ఒంటికి బాగా ఎక్కువగా పడుతుందని 2018లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు మనుషుల మీదే చూపించారు. మనవాళ్లు పనసపొట్టుకూ, అరటికాయకూ, క్యాబేజీకీ ఎప్పుడో ఆవ పెట్టారు. చేసే పద్ధతి ఇది: రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిర్చి అరగంట నానబెట్టి, చల్లటి నీళ్లతోనే మెత్తగా నూరి, కూర దించి గోరువెచ్చగా అయ్యాక కలపాలి. పొయ్యి మీద ఉన్నప్పుడు కలిపితే ఘాటు పోయి చేదు వస్తుంది.

ఇంగువ, వాము, జీలకర్ర గ్యాస్‌కు మంచివంటారు. నాకూ అలసందలు, శనగలు తిన్నప్పుడు వాటితో తేడా తెలుస్తుంది. కానీ గ్యాస్‌కు అసలు కారణం పప్పుల్లోని రాఫినోజ్ లాంటి చక్కెరలు. చిన్నపేగులో అవి అరగవు, పెద్దపేగులో బాక్టీరియా వాటిని తిని గాలి పుట్టిస్తుంది. శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించడం సగం వైద్యం. మిగతా సగం ఇంగువకు వదిలేయండి.

అల్లం వికారానికి బాగా పనిచేస్తుంది, గర్భిణుల వేవిళ్ల మీద కూడా పరిశోధనలు దీన్ని సమర్థిస్తున్నాయి. బస్సు ప్రయాణంలో వాంతులు అయ్యేవాళ్లు చిన్న ముక్క ఉప్పు అద్దుకుని బుగ్గన పెట్టుకోవచ్చు. లవంగంలోని యూజినాల్ పంటి నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, ఆ కాసేపట్లో డెంటిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

దాల్చినచెక్క దగ్గర జాగ్రత్త. మన దుకాణాల్లో మందంగా, గరుకుగా చెట్టు బెరడులా ఉండేది చాలావరకు కాసియా అనే రకం. సన్నగా, చుట్టలు చుట్టలుగా, చేత్తో నలిపితే పొడయ్యేది అసలు సిలోన్ దాల్చిన. కాసియాలో కౌమరిన్ ఎక్కువ, అది రోజూ ఎక్కువ మోతాదులో పోతే కాలేయానికి మంచిది కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు 6 మిల్లీగ్రాముల కౌమరిన్ హద్దు, ఒక్క టీస్పూను కాసియా పొడి దాన్ని దాటించగలదు. ఆదివారం బిర్యానీలో అంగుళం ముక్కకు ఏ భయమూ లేదు, బరువు తగ్గుతామని రోజూ పొద్దున చెంచాడు పొడి తేనెలో కలుపుకుని తినేవాళ్లు మాత్రం దయచేసి ఆపండి.

ఆరో పని: ఉప్పు తగ్గించడం

నన్నడిగితే దినుసుల వల్ల ఇంటిల్లిపాదికీ వచ్చే అతి పెద్ద లాభం ఇదే, దీని గురించే ఎవరూ మాట్లాడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే తలగొట్టిన ఒక టీస్పూను, అన్నీ కలిపి. మన పళ్లెంలో కూర, పప్పు, చారు, ఆవకాయ, అప్పడం, మజ్జిగలో ఉప్పు, ఇవన్నీ లెక్కేస్తే ఎక్కడికి పోతుందో చూడండి. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లు ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి.

కూరలో ఉప్పు పావు వంతు తగ్గించి, అప్పుడే దంచిన ధనియాలు జీలకర్ర పొడి రెట్టింపు చేయండి. దించాక నిమ్మకాయ పిండండి, పులుపు ఉంటే ఉప్పు తక్కువైన సంగతి నాలుకకు తెలియదు. మొదటి వారం ఇంట్లో సణుగుతారు, మా ఇంట్లోనూ సణిగారు. మూడో వారానికి అలవాటైపోయి, బయట హోటల్లో తింటే ఉప్పగా ఉందన్నారు. ఆవకాయ రోజూ రెండు పూటలా కాకుండా వారంలో కొన్ని రోజులకు మార్చి, మిగతా రోజుల్లో కరివేపాకు కారమో, ధనియాల కారమో తక్కువ ఉప్పుతో కొట్టి పెట్టండి, మొదటి ముద్దలో నెయ్యి వేసుకుని తింటే పచ్చడి గుర్తురాదు.

ఏడో పని: ఎవరికి ఏది వద్దో చూసుకోవడం

కూరలో వేసే మోతాదు దాదాపు అందరికీ పరవాలేదు. కషాయాలు, పొడులు, మాత్రలు మొదలుపెట్టే ముందు మాత్రం ఆగండి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ తేదీ దగ్గరపడినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరుకు చెప్పాలి. మిరియాల సారం ఉన్న మాత్రలు కొన్ని మందులు ఒంటికి పట్టే తీరును మార్చేస్తాయి, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ వాటిలో ఒకటి. అల్సర్, కడుపులో మంట ఉన్నవాళ్లకు మిర్చి, మిరియాలు పడకపోతే మానేయడమే, జీలకర్ర, ధనియాలతో కమ్మగానే వండుకోవచ్చు.

ఇంకోటి, ఇది పెద్దవాళ్లతో మాట పడాల్సి వచ్చినా చెప్పాల్సిందే. ఆరు నెలల లోపు పిల్లలకు వాము నీళ్లు, ఇంగువ నీళ్లు పట్టకండి. ఆ వయసులో తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. బిడ్డ ఊరికే ఏడుస్తుంటే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చివరి పని: ఈ రాత్రికి మిరియాల చారు

పైన చెప్పినవన్నీ ఒక్క గిన్నెలో కుదిరేది ఇందులోనే, అందుకే మొదటి ప్రయత్నానికి దీన్ని ఎంచుకోండి. నలుగురికి లెక్క.

ముందు ఆరు వెల్లుల్లి రెబ్బలు దంచి పక్కన పెట్టండి. చిన్న నిమ్మకాయంత చింతపండు నానేయండి, రెండు టమాటాలు కోసుకోండి. ఒక టీస్పూను మిరియాలు, ఒక టీస్పూను జీలకర్ర పచ్చివే రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, మెత్తటి పొడి చేస్తే చారు బురదగా వస్తుంది. ఈలోపు వెల్లుల్లికి పది నిమిషాలు అయ్యుంటాయి. చింతపండు రసం, టమాటాలు, నాలుగు గ్లాసుల నీళ్లు, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి టమాటా మెత్తబడేదాకా మరిగించండి. తర్వాత దంచిన మిరియాలు, జీలకర్ర, సగం వెల్లుల్లి వేసి, ఒక పొంగు రాగానే ఆపేయండి. ఎక్కువసేపు మరిగితే వాసనంతా ఇంట్లోకి పోతుంది, చారులో ఉండదు.

ఇప్పుడు చిన్న గరిటెలో టీస్పూను నెయ్యి కాచి, ఆవాలు చిటపటలాడాక ఎండుమిర్చి ఒకటి, మిగతా వెల్లుల్లి వేసి, మంట ఆపి ఇంగువ, కరివేపాకు, పావు చెంచా పసుపు వేసి వెంటనే చారులో వంచి మూత పెట్టండి. అయిదు నిమిషాలు మూత తీయకండి. వడ్డించేటప్పుడు కలపకుండా పైన తేట పిల్లలకు పోసి, తర్వాత గరిటెతో అడుగుదాకా కలిపి పెద్దవాళ్లకు పోయండి, మిరియాలు అడుగునే ఉంటాయి.